మూడు తూటాలు: జిమ్ కార్బెట్ కథ

మన ఖరగ్‌పూర్‌లో రైలు కూత వినకుండా ఏ పూటా గడవదు. మాలో కొందరి తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మిగతావాళ్లం నాన్నగారి బదిలీ ఆర్డరుతో వచ్చి, మళ్లీ బదిలీ ఆర్డరుతో పోయేవాళ్లం. అందుకని ఈసారి మన తెలుగు పేజీల్లో ఒక రైల్వే మనిషి కథ చెబుతున్నాం. లోకమంతా ఆయన్ని పులుల వేటగాడిగానే ఎరుగును. ఆయన ఇరవై ఏళ్లకు పైగా రైల్వే సరుకులు దింపించి ఎక్కించిన మనిషని చాలామందికి తెలియదు. ఆయనే జిమ్ కార్బెట్.

కార్బెట్ గురించి పాఠ్యపుస్తకాల్లో ఉండేది ఉంటుంది. మేము ఇక్కడ ఒక్క విషయం మీద ఎక్కువసేపు నిలబడతాం. ఏ పనికి ఏ తూటా పట్టుకెళ్లాలి, ఎంత దూరం నుంచి కొడితే తగులుతుందని నమ్మొచ్చు అన్నది ఆ విషయం. ఈ లెక్క తప్పినచోట మనుషులు చచ్చిపోయారు. ఒకరిద్దరు కాదు, వందల్లో.

జిమ్ 1875 జులై 25న నైనిటాల్‌లో పుట్టాడు. తండ్రి క్రిస్టఫర్ ఆ ఊరి పోస్ట్‌మాస్టరు. ఎండాకాలం నైనిటాల్ కొండ మీద, చలికాలం కింద కాలాఢుంగీ అడవి అంచున కాపురం. జిమ్ చిన్నప్పుడే తండ్రి పోయాడు. పెద్ద కుటుంబం, చిన్న ఆదాయం. తల్లి మేరీ జేన్ నెట్టుకొచ్చింది. అన్న టామ్ తర్వాత అదే పోస్టాఫీసులో పోస్ట్‌మాస్టరయ్యాడు.

జిమ్ చేతికి వచ్చిన మొదటి తుపాకీ బంధువొకాయన ఇచ్చిన పాత రెండు గొట్టాల నాటు రకం. మూతివైపు నుంచి మందు దట్టించి పేల్చాలి. అందులో కుడి గొట్టం పగిలిపోయి ఉంది, ఎడమదే పనిచేస్తుంది. కర్ర భాగాన్ని ఇత్తడి తీగ చుట్టి నిలబెట్టారు. అంటే ఒకసారి పేల్చాక రెండో అవకాశం లేదు. మళ్లీ మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించేలోగా ఎదుట ఏదీ నిలబడి ఉండదు. మొదటి దెబ్బే చివరి దెబ్బ అన్న అలవాటు ఆ పిల్లవాడికి అక్కడే పట్టుకుంది. ఆ పగిలిన గొట్టం కంటే మంచి గురువు కార్బెట్‌కు తర్వాత ఎవరూ దొరకలేదని మాకు అనిపిస్తుంది.

తర్వాత నైనిటాల్ స్కూలు పిల్లల క్యాడెట్ దళంలో చేరాడు. మన ఎన్‌సీసీ లాంటిదే అనుకోండి. పెద్ద పెద్ద సైనికాధికారులు చూస్తుండగా కాల్చిన ఒక రోజు, వాళ్లలో తర్వాత ఫీల్డ్ మార్షల్ అయిన రాబర్ట్స్ కూడా ఉన్న రోజు, పదేళ్ల జిమ్ బాగా కాల్చాడు. దానికి మెచ్చి సైన్యం వాడే .450 మార్టిని రైఫిల్‌ను అతనికి వాడుకోవడానికి ఇచ్చారు. తూటాలకు లోటు లేదు, కానీ రైఫిల్ శుభ్రంగా ఉంచాలి, పేల్చిన తర్వాత ఖాళీ ఇత్తడి గొట్టాలు తిరిగి అప్పగించాలి. ఆ రైఫిల్‌తోనే మొదటి చిరుతపులిని కొట్టాడు.

ఇక్కడ ఆగి తూటా అంటే ఏమిటో చూద్దాం. ఒక ఇత్తడి గొట్టం, దాని అడుగున సూది తగలగానే నిప్పు పుట్టించే చిన్న టోపీ, లోపల మందు, మూతి దగ్గర గుండు. ఈ నాలుగూ కలిసిందే తూటా. జంతువు దాకా వెళ్లేది గుండు ఒక్కటే. రైఫిళ్ల పేర్లలో కనిపించే .450, .275 లాంటి అంకెలు గొట్టం లేదా గుండు వెడల్పును అంగుళంలో చెప్పేవి. .450 అంటే సుమారు పదకొండున్నర మిల్లీమీటర్లు, .275 అంటే ఏడు మిల్లీమీటర్లు. గుండు బరువును గ్రెయిన్లలో చెబుతారు. పదిహేనున్నర గ్రెయిన్లయితే ఒక గ్రాము.

మార్టిని గుండు 480 గ్రెయిన్లు, అంటే 31 గ్రాముల సీసం. బరువు బాగానే ఉంది, వేగమే తక్కువ. సెకనుకు 400 మీటర్ల చిల్లర. ఇప్పుడు ఖరగ్‌పూర్ స్టేషన్‌లో ఎనిమిది బోగీలు వరసగా ఆగి ఉన్నాయనుకోండి. ఒక్కో బోగీ ఇంచుమించు 22 మీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరికి ఆ గుండు చేరడానికి అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. ఫిజిక్స్‌లో పైనుంచి పడే రాయికి వేసే లెక్కే దీనికీ వేయండి, మీటరుకు పైగా కిందికి దిగుతుంది. అందుకే ఆ రైఫిల్ మీద దూరాన్ని బట్టి పైకీ కిందికీ జరిపే గురిపట్టీ ఉంటుంది. దూరం తప్పుగా అంచనా వేస్తే చేయి ఎంత నిలకడగా ఉన్నా గుండు తప్పుతుంది.

పదిహేడు పద్దెనిమిదేళ్లకు చదువు ఆపి కార్బెట్ రైల్వేలో చేరారు. బెంగాల్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వేలో మానక్‌పూర్ దగ్గర ఇంధనం ఇన్‌స్పెక్టరు. అప్పట్లో ఇంజన్లకు కట్టెలు కూడా వాడేవారు. అడవిలో డేరాలు వేసుకుని కట్టె కొట్టించి పంపడమే పని. తర్వాత 1895లో గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకు మార్చే కాంట్రాక్టు దొరికింది. ఒక ఒడ్డున బ్రాడ్ గేజ్, అవతలి ఒడ్డున మీటర్ గేజ్, మధ్యలో నది. ఇటు బండ్లలోంచి దింపి, పడవల మీద దాటించి, అటు బండ్లలోకి ఎక్కించాలి. అన్నీ మనుషుల చేతుల మీదే. తనకంటే వయసులో పెద్దవాళ్లయిన కూలీలతో కలిసి తానూ మోశారు. స్టేషన్‌మాస్టరు రామ్ శరణ్‌తో కలిసి కూలీల పిల్లలకు బడి పెట్టారు. ఒకే ఇంట్లో అన్ని కులాల పిల్లలూ కూర్చోకూడదని పెద్దలు అడ్డం పడితే, రామ్ శరణ్ ఆ బడికి గోడలు తీయించేశాడు. గోడలు లేకపోతే అది ఇల్లు కాదు, పాక. పాక కింద కూర్చోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు! ఇది వేటకు సంబంధం లేని ముచ్చటే, కానీ వదిలేయబుద్ధి కాలేదు.

సెలవు పెట్టుకుని నైనిటాల్ వెళ్లిన రోజుల్లోనే చంపావత్ ఆడపులి సంగతి ఆయన దాకా వచ్చింది. నేపాల్‌లో 200 మందిని, తర్వాత కుమావూఁలో 236 మందిని చంపిన పులి. మొత్తం 436. కార్బెట్ రెండు షరతులు పెట్టారు. పులి తల మీద ప్రకటించిన బహుమతి రద్దు చేయాలి, అడవిలో తిరుగుతున్న మిగతా వేటగాళ్లందరినీ వెనక్కి పిలవాలి. డబ్బు కోసం వచ్చినవాడని అనిపించుకోవడం ఆయనకు ఇష్టం లేదు, వెనక నుంచి ఇంకొకరి గుండు తగలడం అసలే ఇష్టం లేదు.

1907లో చంపావత్ తహసీల్దారు 298 మందిని కూడగట్టాడు. వాళ్లు కొండ మీద నుంచి డప్పులు, కేకలతో పులిని తోలాలి, కింద లోయ మూతి దగ్గర కార్బెట్ కూర్చోవాలి. ఆయన చేతిలో .500 రైఫిల్. జేబులో మూడే తూటాలు. రెండుసార్ల కంటే ఎక్కువ కాల్చే అవకాశం రాదని, మూడోది అవసరానికని ఆయన లెక్క. అనుభవం ఉన్నవాడి లెక్కే అది. అయినా ఎలా తప్పిందో చూడండి.

పులి ముందు దూరంగా గడ్డిలోంచి బయటపడింది. తహసీల్దారు తుపాకీ పేల్చగానే వెనక్కి తిరిగి పరుగెత్తింది. తగలదని తెలిసీ కార్బెట్ ఒక తూటా పంపారు. అది పోయింది. ఒకటి అయిపోయింది. కాసేపటికి పులి వాగు దాటి నేరుగా ఈయన వైపే వచ్చింది. రెండోసారి పేల్చగానే పులి టక్కున ఆగింది. సముద్రమట్టం దగ్గర గురి సరిచేసిన రైఫిల్ ఆ కొండల ఎత్తులో కాస్త పైకి కొడుతుంది కాబట్టి, గుండు వీపు మీదుగా పోయిందనుకున్నారాయన. నిజానికి తగిలింది, కాకపోతే తగలాల్సిన చోటుకు కొంచెం వెనక. పులి సగం పక్కకు తిరిగింది. ముప్పై గజాల లోపు, మన బోగీ ఒకటింబావు దూరం. మూడోది పేల్చారు. పులి అదిరింది గాని పడలేదు. చెవులు వెనక్కి పెట్టి, పళ్లు బయటపెట్టి చూస్తోంది. రైఫిల్ ఖాళీ. ఆ సంగతి పులికి తెలియదు, అంతే తేడా.

పులి పక్కన రాళ్ల మీదికి ఎక్కింది. కార్బెట్ రైఫిల్ కింద పెట్టి కొండ ఎక్కి పరుగెత్తి తహసీల్దారు తుపాకీ లాక్కుని మళ్లీ కిందికి వచ్చారు. పులి ఎదురొచ్చింది. ఇరవై అడుగుల దూరంలో తుపాకీ ఎత్తి చూస్తే, గొట్టాలకూ వెనక భాగానికీ మధ్య దాదాపు ఒక సెంటీమీటరు సందు ఉంది. పేలితే మంట తన కళ్లలోకే రావచ్చు. వేరే దారి లేక పులి నోటికి గురిపెట్టి పేల్చారు. గుండు నోటికి తగల్లేదు. కుడి ముందరి పంజాకు తగిలింది. అదీ ఎంత మెల్లగా తగిలిందంటే తర్వాత గోళ్లతో పీకి తీశారు. అదృష్టం ఏమిటంటే ముందు తగిలిన రెండు గుళ్లు అప్పటికే పని పూర్తి చేస్తున్నాయి. పులి అక్కడే ఒరిగిపోయింది.

లోకంలోని గొప్ప గురికాళ్లలో ఒకరు, ఇరవై అడుగుల దూరం, పులి నోరంత లక్ష్యం, అయినా గుండు తప్పింది. మేము ఈ ఘట్టాన్ని చాలాసార్లు చదివాం. సినిమాల్లో పరుగెత్తే గుర్రం మీంచి కొండ అవతల వాణ్ణి కొట్టే హీరోలను చూసి పెరిగిన మనకు ఇది నమ్మబుద్ధి కాదు. కానీ లెక్క చూస్తే ఆశ్చర్యం లేదు.

గురి ఎంత చెదురుతుందో కోణంలో కొలుస్తారు. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక భాగం ఒక నిమిషం. 100 మీటర్ల దూరంలో ఒక నిమిషం కోణం అంటే 2.9 సెంటీమీటర్లు. మంచి రైఫిల్‌ను ఇసుక బస్తా మీద ఆనించి, పడుకుని, తీరిగ్గా కాలిస్తే గుళ్లన్నీ ఒకటి రెండు నిమిషాల వెడల్పులో పడతాయి. అది రైఫిల్ గొప్ప. అదే రైఫిల్‌తో కొండ ఎక్కి రొప్పుతూ, నిలబడి, ఆసరా లేకుండా కాలిస్తే పది నిమిషాలు చెదిరినా తప్పుపట్టలేం. పది నిమిషాలంటే 100 మీటర్ల దగ్గర 29 సెంటీమీటర్లు. పెద్ద జంతువు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు టిఫిన్ పళ్లెం అంత, సుమారు 20 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు ఆ మనిషి నమ్మకంగా కొట్టగలిగేది 70 మీటర్ల లోపే. మూడు బోగీల దూరం. తూటా పెట్టె మీద ఎంత దూరం రాసి ఉన్నా, ఆ మనిషికి ఆ పూట ఉన్న దూరం అంతే. కార్బెట్ నరభక్షకుల్ని చాలాసార్లు ఇంకా దగ్గర్నుంచే, ఒక బోగీ పొడవులోనే కొట్టడానికి కారణం ధైర్యం ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా.

తప్పిన గుండు ఊరికే పోతే పరవాలేదు. సగం తగిలితేనే ప్రమాదం. చంపావత్ పులి నోరు తెరిచి చూస్తే కుడివైపు పై కోరపన్ను సగానికి, కింది కోరపన్ను ఎముక దాకా విరిగి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో కాల్చిన దెబ్బ అది. అడవి జంతువును పట్టి చంపడం చేతకాక, సులువుగా దొరికే మనిషి మీద పడింది. ఆ పేరు తెలియని వేటగాడు ఆ పూట తుపాకీ దించుకుని ఇంటికి పోయి ఉంటే ఆ 436 మందిలో ఎందరు బతికేవారో! అన్ని పులులూ తుపాకీ దెబ్బకే అలా మారలేదు లెండి. ముక్తేశ్వర్ ఆడపులి ఏదుపందితో తలపడి ఒక కన్ను పోగొట్టుకుంది. దాని ముందరి కాలి కండలో దాదాపు యాభై ముళ్లు దిగి ఉన్నాయి.

చంపావత్ పులిని చంపినందుకు సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హెవెట్ కార్బెట్‌కు ఒక రైఫిల్ బహూకరించారు. లండన్‌లోని రిగ్బీ కంపెనీ చేసిన .275. దాని తూటా జర్మన్ల 7 మి.మీ. మౌజర్ తూటాయే, పేరు ఇంగ్లీషు వాళ్లు మార్చుకున్నారు. గుండు 140 గ్రెయిన్లు, అంటే తొమ్మిది గ్రాములు. వేగం సెకనుకు సుమారు 800 మీటర్లు. మన ఎనిమిది బోగీల దూరం పావు సెకనులో దాటుతుంది, ముప్పై సెంటీమీటర్ల దాకా మాత్రమే దిగుతుంది. రైఫిల్ తేలిక, వెనక్కి తన్నేదీ తక్కువ. దానికి పక్కన ఆయన దగ్గర .450/400 అనే రెండు గొట్టాల బరువైన రైఫిల్ కూడా ఉండేది. దాని గుండు 400 గ్రెయిన్లు, 26 గ్రాములు. తేలికదాని గుండుకు మూడింతల బరువు.

పెద్దదే మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. 1930 ఏప్రిల్ 11న చౌగఢ్ ఆడపులి విషయంలో చూడండి. 64 మందిని చంపిన పులి. ఇసుక వాగులో నడుస్తూ ఒక పెద్ద బండ మలుపు తిరిగిన కార్బెట్‌కు వెనక ఎనిమిది అడుగుల దూరంలో పులి కూర్చుని కనిపించింది. ఎడమ చేతిలో అప్పుడే ఏరుకున్న పిట్ట గుడ్లు, కుడి చేతిలో .275. పులి కళ్లలోకి చూస్తూ, ఒంటిచేత్తో రైఫిల్‌ను అంగుళం అంగుళం చొప్పున ముప్పావు వృత్తం తిప్పి, భుజానికి ఎత్తకుండానే పేల్చారు. బరువైన రైఫిల్ అయితే ఒంటిచేత్తో అంతసేపు అలా తిప్పడం మనిషి తరమా? ఎనిమిది అడుగుల దగ్గర ఏడు మిల్లీమీటర్ల గుండు సరిపోయింది. పడాల్సిన చోట పడింది కనుక సరిపోయింది.

1926 మే 2 రాత్రి రుద్రప్రయాగ్ చిరుతనూ ఆ తేలిక రైఫిల్‌తోనే కొట్టారు. 125 మందిని తిన్న చిరుత. గోలాబ్‌రాయ్ దగ్గర మామిడిచెట్టు మీద రాత్రుల తరబడి కూర్చుని, రైఫిల్‌కు కట్టిన టార్చి వెలుగులో ఒకే ఒక్క తూటా. తగిలిందో లేదో తెల్లవారే దాకా తెలియలేదు.

పెద్ద రైఫిల్ వంతు 1938 నవంబర్ 30న వచ్చింది. ఠాక్ ఊరి దగ్గర, వెలుగు పోతున్న వేళ, కార్బెట్ తానే పులి గొంతుతో పిలిచి ఆడపులిని రప్పించారు. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. రాతి అంచున ఇబ్బందిగా ఆనుకుని రెండు గొట్టాలూ పేల్చారు. పులి పడింది. ఆ తన్నుకు ఆయనా జారి వెనక ఉన్న తన మనుషుల మీద పడ్డారు! గుండు బరువు పెరిగితే దెబ్బ పెరుగుతుంది, భుజానికి తగిలే దెబ్బ కూడా పెరుగుతుంది. ఆ దెబ్బకు భయపడి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకునేవాడికి పెద్ద రైఫిల్ వల్ల లాభం లేదు. ఆయన కాల్చిన చివరి నరభక్షకి అదే.

మన తెలుగు నేలకూ ఇలాంటి మనిషి ఒకరున్నారు. కెన్నెత్ ఆండర్సన్ 1910లో సికింద్రాబాద్ పక్కన బొలారంలో పుట్టారు, బెంగళూరులో పెరిగారు. రేణిగుంట నుంచి కడప వైపు వెళ్లే రైలుదారిలో ఉన్న మామండూరు, తిరుపతి కొండల అవతలి చామల లోయ ఆయన కథల్లో వస్తాయి. ఆయన చేతిలో ఎక్కువగా ఉండేది .405 వించెస్టర్. 300 గ్రెయిన్ల గుండు, సుమారు 19 గ్రాములు, దగ్గర దెబ్బకు గట్టిది, దూరానికి కాదు. పొదల అడవిలో పులి ఎలాగూ దూరంగా కనబడదు. కార్బెట్ కొండ లోయల్లో తిరిగారు, ఈయన కంపల్లో తిరిగారు, ఎవరి చోటుకు తగిన తూటా వాళ్లది.

ఇవన్నీ తెలుసుకుని మనం వేటకు వెళ్లం. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరం. 2018లో మన పక్కనే లాల్‌గఢ్ అడవిలో అమర్చిన కెమెరాకు ఒక పులి చిక్కినప్పుడు జిల్లా అంతా అదే మాట. ఏప్రిల్‌లో అది ఒంటి మీద గాయాలతో చచ్చిపడి కనిపించింది. ఈ లెక్కలు పనికొచ్చేది ఎన్‌సీసీ రేంజిలో. అక్కడ .22 రైఫిల్, రెండున్నర గ్రాముల గుండు, 25 మీటర్ల దూరం. బోగీ కంటే కొంచెం ఎక్కువ. మా సీనియర్లలో ఐదు గుళ్లూ అరచేతి వెడల్పులో పెట్టినవాళ్లు తక్కువ. అదీ కడుపు మీద పడుకుని, ఊపిరి బిగబట్టి, ఎదుట పులి లేకుండా!

కార్బెట్ మిగతా జీవితం త్వరగా చెప్పేస్తాం. మొదటి ప్రపంచ యుద్ధంలో కుమావూఁ కూలీలు 500 మందిని ఫ్రాన్స్‌కు తీసుకెళ్లారు, ఒక్కరు తప్ప అందరినీ తిరిగి తెచ్చారు. రెండో యుద్ధంలో సైనికులకు అడవిలో బతకడం నేర్పారు. ఈ మధ్యలో తుపాకీ కంటే సినిమా కెమెరా ఎక్కువ పట్టుకున్నారు. పులిని చంపడానికి అర సెకను చాలు, ఫిల్ములో పట్టుకోవడానికి నెలలు పట్టింది. 1936లో కుమావూఁ అడవిలో మన దేశపు మొదటి జాతీయ పార్కు ఏర్పడింది. దానికి వెనక ఉన్నవాళ్లలో ఆయన ఒకరు. 1944లో వచ్చిన ఆయన పుస్తకం కుమావూఁ నరభక్షకుల గురించే. పేరు ప్రపంచమంతా పాకింది.

1947లో అక్క మ్యాగీతో కలిసి కెన్యా వెళ్లిపోయారు. అదే ఆయన చివరి బదిలీ. 1955 ఏప్రిల్ 19న న్యేరీలో కన్నుమూశారు, సమాధి అక్కడే ఉంది. తర్వాత కుమావూఁ అడవిలోని పార్కుకు ఆయన పేరు పెట్టారు. 1973లో పులుల సంరక్షణ పథకం మొదలైంది అక్కడి నుంచే. హెవెట్ ఇచ్చిన .275 రైఫిల్ ఇప్పుడు లండన్‌లో, దాన్ని తయారుచేసిన రిగ్బీ కంపెనీ దగ్గరే ఉంది. దాని కర్ర మీద వెండి రేకు, రేకు మీద చంపావత్ పులి సంగతి.